విద్యను దాచుకొనని వాడు: బెంజమిన్ ఫ్రాంక్లిను జీవిత చరిత్ర

తాను కనుగొన్న క్రొత్త సంగతిని పదిమందికి తెలియజెప్పి వారిని బాగుపడనిచ్చుటయా, లేక దానిని తనయొద్దనే బంధించి కావలసినవారియొద్ద వెల పుచ్చుకొనుటయా అను ప్రశ్న నేటిది కాదు. మూలిక పేరు కన్నకొడుకునకైన చెప్పక కన్నుమూసిన వైద్యుని కథయు, పనిలోని కిటుకును శిష్యునికి దాచిన శిల్పి కథయు ప్రతి గ్రామమునందును వినవచ్చును. ఇట్టి లోకమున, తన బుద్ధిబలముచే కల్పించిన వస్తువులలో ఒక్కదానిపైనను ప్రత్యేకపు హక్కు కోరక, వాని నిర్మాణ విధానమును అచ్చు వేయించి యందఱికిని పంచిపెట్టిన మహనీయు డొకడు పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాయందు వెలసెను. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిను. పలువురు చందాలు వేసికొని గ్రంథాలయమును నడుపుకొను పద్ధతిని ఆ దేశమున నెలకొల్పినవాడును అతడే. కావున గ్రంథాలయ రజతోత్సవ వేళ అతని చరిత్రమును స్మరించుట యుచితము.

బాల్యము

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను పట్టణమున జన్మించెను. నాటికి అమెరికా స్వతంత్ర రాజ్యము కాదు. అచటి రాష్ట్రములు ఆంగ్ల ప్రభువు నేలుబడిలో నుండెను. తండ్రి జోసయ్య ఇంగ్లండునుండి వలసవచ్చి, పశువుల క్రొవ్వుతో వత్తులును సబ్బును చేసి యమ్ముకొని జీవించుచుండెను. ఇరువురు భార్యలయందు అతనికి 17 మంది సంతానము. అందు బెంజమిను పదునైదవవాడు; మగబిడ్డలలో కడగొట్టువాడు.

తండ్రి ఇతనిని మతాచార్యుని జేయదలచి ఎనిమిదవ యేట లాటిను బడిలో చేర్చెను గాని, పెద్ద సంసారము, చిన్న రాబడి యగుటచే సంవత్సరమైనను నిండకమునుపే మాన్పించెను. పిమ్మట వ్రాతయు గణితమును నేర్పు మఱియొక బడికి పంపగా వ్రాత కుదిరెను, గణితము కుదరలేదు. పదియవ యేట బడిచదువు ముగిసెను. వత్తులు కత్తిరించుట, అచ్చులలో క్రొవ్వు పోయుట, అంగడి చూచుట బాలుని పనులయ్యెను. ఆ తప్పిన గణితమును అతడు పదునాఱేండ్ల ప్రాయమున సిగ్గుపడి, పుస్తకము ముందుంచుకొని తనంత తానే మొదటినుండి తుదివఱకు నేర్చుకొనెను. బడిలో చదివిన కాలము రెండేండ్లకు మించని ఈ బాలునకే తరువాతి కాలమున ఆక్సుఫర్డు విద్యాపీఠము గౌరవ పట్ట మిచ్చెను.

పుస్తకములకొఱకు పడిన పాట్లు

కుమారునకు చదువుపై నున్న మక్కువ కనిపెట్టి తండ్రి అతనిని పండ్రెండవ యేట అన్నయగు జేమ్సు నడపుచున్న అచ్చుకూటమున శిష్యునిగా నుంచెను. ఇరువదియొకటవ యేడు వచ్చువఱకు అన్నకు సేవ చేయవలెనని ఒడంబడిక వ్రాయబడెను. అచ్చుపని త్వరలోనే చేతికి వచ్చెను. అంతకన్న మేలైన దేమనగా, పుస్తకముల అంగళ్లలో పనిచేయు పిల్లలతో స్నేహము కలిసెను. వారు సాయంకాలము అంగడి మూయువేళ ఒక పుస్తకమును రహస్యముగా నిచ్చెడివారు. ఉదయము అంగడి తెఱచుసరికి అది స్వస్థానమున నుండవలెను. కావున బాలుడు రాత్రి యంతయు మేలుకొని చదివి, మాపు మరక యంటకుండ తెల్లవాఱకమునుపే తిరిగి యిచ్చెడివాడు. పుస్తకము కొనలేనివాని యాకలి యెట్టిదో అతడు ఆ రాత్రులయందే యెఱిగెను.

పదునాఱవ యేట అతడు మాంసాహారము మానెను. తన భోజనమునకై అన్న యిచ్చుచున్న సొమ్ములో సగమే తనకిచ్చిన చాలునని చెప్పి, దానిలోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. మంచి వ్యాసము నొకదానిని చదివి, భావములను మాత్రము ముక్తసరిగా గుర్తుపెట్టుకొని, కొన్ని దినములు కడచినపిమ్మట దానిని తన మాటలతో తిరిగి వ్రాసి, మూలముతో సరిచూచి తప్పులు దిద్దుకొనెడివాడు. గురువు లేనివాడు తన రచనకు తానే గురువగు నుపాయ మిదియే.

1722లో అతడు ఒక వితంతువు పేరు పెట్టుకొని హాస్యపు లేఖలు వ్రాసి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపు సందునుండి లోపలికి త్రోసెను. అన్న వానిని ఎవరో పండితులు వ్రాసినవని తలచి తన పత్రికయందు ప్రకటించెను. ఆ విధముగా 14 లేఖలు వెలువడెను. గుట్టు బయటపడినపిమ్మట అన్నకు అసూయ కలిగెను. కొట్టుటయు తిట్టుటయు మిక్కుటమయ్యెను. 1723లో ఫ్రాంక్లిను ఒడంబడికను త్రెంచుకొని, పుస్తకములలో కొన్ని యమ్మి ప్రయాణవ్యయమునకు సొమ్ము చేసికొని, ఓడయెక్కి వెడలిపోయెను.

ఫిలడెల్ఫియాలో నిలద్రొక్కుకొనుట

ఫిలడెల్ఫియా పట్టణమున దిగునప్పటికి అతనికి పదునేడేండ్లు. ఎఱిగినవారు లేరు; చేతిలో ఒక డాలరును కొన్ని రాగినాణెములును మాత్రము కలవు. మూడు పెద్ద రొట్టెలు కొని, ఒకటి తిని, మిగిలిన రెండును ఓడలో తనతో వచ్చిన ఒక పేద స్త్రీకిని ఆమె బిడ్డకును ఇచ్చివేసెను. అచ్చుకూటమున కూలికి కుదిరెను. ఆ రాష్ట్రపు గవర్నరు ఇతని తెలివికి మెచ్చి, లండనునుండి అచ్చుయంత్రమును తెప్పింపుము, హామీపత్రములు నేనిత్తునని నమ్మించి 1724లో ఓడ యెక్కించెను. లండను చేరి చూడగా హామీపత్రము లొక్కటియు లేవు. పరదేశమున మోసపోయిన యువకుడు అధైర్యపడక, అచటి గొప్ప అచ్చుకూటములలోనే పనికి కుదిరి, వృత్తిలోని మెలకువలన్నియు గ్రహించి 1726లో తిరిగివచ్చెను.

1728లో ఒక మిత్రునితో కలసి స్వంత అచ్చుకూటమును పెట్టెను. మఱుసటి యేట పెన్సిల్వేనియా గెజిటు అను పత్రికను చేపట్టెను. 1730లో డెబొరా రీడు అను నామెతో కాపురము పెట్టెను. ఆమె అంగడి చూచుచు, పుస్తకములు కుట్టుచు భర్త సంపాదనకు చేదోడయ్యెను. 1732 చివరనుండి ఇరువదియైదేండ్లపాటు అతడు పేద రిచర్డు అను మాఱుపేరుతో వెలువరించిన పంచాంగము ఏటికి సుమారు 10,000 ప్రతులు అమ్ముడుపోయెను. ఇంట మఱొక పుస్తకము లేని పల్లెవాసులు సైతము దానిని కొనెడివారు. తిథివారములనడుమ మిగిలిన జాగాలో పొదుపును శ్రమను బోధించు నీతివాక్యములను నింపి, పంచాంగమునే పామరులకు పాఠ్యగ్రంథము చేసెను.

గ్రంథాలయ స్థాపనము

1727లో ఫ్రాంక్లిను తనవంటి పనివారను పండ్రెండుగురను చేర్చి జంటో అను గోష్ఠిని నెలకొల్పెను. ప్రతి శుక్రవారము సాయంకాలమున వారు కూడి ధర్మము, రాజ్యనీతి, ప్రకృతిశాస్త్రము మొదలగు విషయములను చర్చించెడివారు. చర్చలలో పుస్తకములు చూడవలసివచ్చుటచే, అందఱును తమతమ పుస్తకములను ఒక్క గదిలో నుంచుకొనిన ప్రతివానికిని అన్నియు ఉన్నట్లగునని ఫ్రాంక్లిను సూచించెను. అట్లే చేసిరి. కాని చూచువాడు లేనందున కొన్ని పుస్తకములు చెడెను. ఒక సంవత్సరము కడచునప్పటికి ఎవరివి వారు తీసికొనిపోయిరి.

ఆ వైఫల్యముచే అతడు వెనుదీయలేదు. స్నేహముమీద మాత్రమే నిలచినది త్వరగా కూలుననియు, నియమములును చందాయును లెక్కయు ఉన్నది నిలుచుననియు గ్రహించెను. 1731 జూలై 1వ తేదీన ఫిలడెల్ఫియా గ్రంథాలయ సంఘమునకు ఒడంబడిక పత్రము వ్రాయించెను. చేరువాడు మొదట 40 షిల్లింగులును, అటుపై ఏటేట 10 షిల్లింగులును చెల్లింపవలెను. 50 మంది చేరినయెడల ప్రవేశధనము 100 పౌనులు, సాలుకు రాబడి 25 పౌనులు అగును. ఆ 50 మందిని కూర్చుట సులభము కాలేదు. చేరినవారిలో పెక్కురు చిన్నచిన్న వృత్తులవారే. ఈ యాలోచన తనదని చెప్పుకొని తిరిగినచో, పేరుకొఱకు చేయుచున్నాడని జనులు సందేహించుట చూచి, ఫ్రాంక్లిను తాను వెనుకకు తగ్గి, ఇది కొందఱు మిత్రుల సంకల్పమని చెప్పసాగెను. నాటినుండి పని చక్కగా సాగెను. తరువాత ఏ ప్రజాకార్యమునకైనను అతడు ఈ పద్ధతినే యవలంబించెను.

1732లో 45 పౌనుల సొమ్ముతో మొదటి పుస్తకముల పట్టికను లండనునకు పంపిరి. పండితుల లాటిను గ్రంథములు కాక, పనివాడు చదివి గ్రహింపగల ఇంగ్లీషు పుస్తకములే అందు మిక్కుటముగా నుండెను. లండనునందు పీటరు కాలిన్సను అను వర్తకుడు పుస్తకములు ఎంపికచేసి పంపుటలో ప్రతిఫలము కోరక ముప్పదియేండ్లపాటు తోడ్పడెను. క్రమముగా ఇతర పట్టణములవారును ఈ పద్ధతి ననుకరించిరి. 1774లో అమెరికా రాష్ట్రముల ప్రతినిధులు మొదటి కాంగ్రెసు సభ జరుపుకొన్న భవనమునందే ఈ గ్రంథాలయము కూడ నుండెను. ఆ ప్రతినిధులకు పుస్తకము లెరువిచ్చినది అదియే. ఏబదిమంది పనివారు పెట్టిన గ్రంథాలయము ఒక దేశపు స్వాతంత్ర్య చర్చలకు ఆధారమయ్యెను. ఆ సంస్థ నేటికిని నడుచుచున్నది.

కుమారుని మరణము

1736లో ఫ్రాంక్లినునకు గొప్ప దుఃఖము కలిగెను. నాలుగేండ్ల కొడుకు ఫ్రాన్సిసు మశూచికముచే మరణించెను. మశూచికము సోకకుండ టీకా వేయు నాటుపద్ధతి అప్పటికే తెలిసియుండెను. దానిని సమర్థించువారిలో ఫ్రాంక్లినును ఒకడు. బిడ్డ మఱియొక జబ్బుతో నుండుటచే టీకా వాయిదా పడెను. టీకా వేయుటచేతనే బాలుడు మరణించెనని పుకారు పుట్టగా, అతడు తన పత్రికయందే నిజమును ప్రకటించి, టీకా వేయింపనిదే తన తప్పని యొప్పుకొనెను. తన ఇంటి శోకమును దాచుకొనక, ఇతర తలిదండ్రులు అట్టి తప్పు చేయకుండుటకై దానిని లోకమునకు తెలియజేసెను.

కుంపటి కథ

శీతదేశములలో గదిగోడలోని పొయ్యియందు కట్టెలు మండించి చలి కాచుకొనుట వాడుక. అందు వేడిలో అధికభాగము పొగగొట్టమువెంట పైకి పోవును. ముందు నిలచినవానికి వీపు చలి, ముఖము సెగ. పట్టణములు పెరిగినకొలది అడవులు దూరమై కట్టెల వెల హెచ్చెను. ఫ్రాంక్లిను ఇది చూచి ఇనుప పలకలతో ఒక కుంపటిని కల్పించెను. పొగ తిన్నగా పైకి పోక, ఒక డొల్ల పెట్టె మీదుగా ప్రాకి, దాని వెనుకనుండి క్రిందికి దిగి, ఆ పిమ్మట పొగగొట్టమున ప్రవేశించును. ఆ డొల్ల పెట్టెలోనికి వచ్చు చల్లగాలి వేడియై ప్రక్కరంధ్రములద్వారా గదిలోనికి వ్యాపించును. ఇంధనము తక్కువ, వెచ్చదనము ఎక్కువ.

1744లో దాని నిర్మాణమును, పలకలు కూర్చు క్రమమును, పటముతోసహా వివరించి ఒక చిన్న పుస్తకమును అచ్చు వేసెను. పెన్సిల్వేనియా గవర్నరు దానిని చదివి సంతసించి, కొన్ని సంవత్సరములపాటు ఆ కుంపటిని అమ్ము ప్రత్యేకాధికారమును, అనగా పేటెంటు హక్కును, ఫ్రాంక్లినున కొక్కనికే యిత్తుననెను. అది ధనరాశి యగు వరము. ఫ్రాంక్లిను దానిని స్వీకరింపలేదు. పూర్వులును ఇతరులును కల్పించిన వస్తువులను మనము నిత్యము అనుభవించుచున్నాము గదా, మన కల్పనచే ఇతరులకు మేలు చేయు నవకాశము వచ్చినపుడు ఉదారముగ నిచ్చుటయే ధర్మమని అతని నిశ్చయము.

పిమ్మట జరిగినది గమనింపదగినది. లండనునందలి ఒక ఇనుప సామానుల వర్తకుడు ఆ పుస్తకమును చూచి, కుంపటిలో చిన్న మార్పులు చేసి, అది తన కల్పనయే యని పేటెంటు పొంది డబ్బు గడించెను. ఆ మార్పులవలన కుంపటి మేలుపడలేదు సరికదా, కొంత చెడెను. ఫ్రాంక్లిను అతనిమీద వ్యాజ్యము వేయలేదు. మఱియొక విశేషము: ఫ్రాంక్లిను కుంపటియందును లోపము లేకపోలేదు, పొగ చక్కగా లాగబడక వెనుకకు క్రమ్మెడిది. అయినను నిర్మాణ మందఱికిని తెలిసియుండుటచే, తరువాతి పనివారు దానిని సవరించి బాగుచేయగలిగిరి. దాచిన వస్తువులోని దోషము దాచినవానితోనే యుండును. బయట పెట్టిన వస్తువులోని దోషమును దిద్దుటకు వేయిచేతు లుండును.

అతడు విరాగి కాడు. అచ్చుపనికి కూలి పుచ్చుకొనెను. పత్రికయు పంచాంగమును కాగితమును సబ్బును అమ్మి ధనవంతుడయ్యెను. శ్రమకును వస్తువునకును వెల గట్టుట వేఱు, తెలివికి సంకెల వేయుట వేఱని అతడు తలచెను.

పిడుగు కడ్డీ

1748లో, నలుబదిరెండవ యేట, అతడు అచ్చుకూటపు భారమును భాగస్థున కప్పగించి శాస్త్ర పరిశోధనలకు పూనుకొనెను. దీనికిని గ్రంథాలయమే మూలము. కాలిన్సను పుస్తకములతోపాటు, రుద్దిన విద్యుత్తు పుట్టు ఒక గాజుగొట్టమును, దానిని వాడు విధమును గ్రంథాలయ సంఘమునకు కానుకగా పంపియుండెను. దానితో ప్రయోగములు చేయుచు ఫ్రాంక్లిను విద్యుత్తునకు ధనము, ఋణము అను సంజ్ఞలు పెట్టెను. లెక్కలు వ్రాయువారి జమాఖర్చులవలెనే విద్యుత్తు ఒకచోట హెచ్చినంత మఱొకచోట తగ్గునని అతడు వివరించెను. తాను కనుగొన్నవన్నియు కాలిన్సనునకు జాబులుగా వ్రాయగా, అవి 1751లో లండనునందు పుస్తకరూపమున వెలువడెను.

మెఱుపును విద్యుత్తును ఒక్కటియేనా యని పరీక్షించు మార్గమును కూడ అందు వ్రాసెను. ఆ మార్గము ననుసరించి 1752 మే 10న ఫ్రాన్సు దేశమున మార్లీ గ్రామమునందు దాలిబారు అను పండితుని పక్షమున ఎత్తయిన ఇనుపకడ్డీని నిలిపి, మేఘమునుండి విద్యుత్తును దింపిరి. సముద్రమున కావలి వారు చేసి చూచి నిజమని తేల్చిరి. విధానమును దాచియుంచినచో ఇది సంభవింపదు. ఫ్రాంక్లిను ఆ యేడే గాలిపటముతో చేసిన ప్రయోగము లోకప్రసిద్ధము. ఇది అపాయకరమైన విద్య. 1753లో రష్యా రాజధానియందు రిచ్‌మను అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పరిశోధన చేయుచు పిడుగుపాటుచే మరణించెను.

ఇండ్లను పిడుగునుండి కాపాడు కడ్డీని చేయు విధమును ఫ్రాంక్లిను 1753వ సంవత్సరపు తన పంచాంగమునందే ప్రకటించెను. సన్నని ఇనుపకడ్డీ యొక కొన తడినేలలో మూడు నాలుగడుగులు దిగియుండవలెను; రెండవ కొన ఇంటి శిఖరమునకు ఆఱెనిమిది అడుగులు మీదికి లేచియుండవలెను; పైకొనకు వాడిగా చెక్కిన అడుగు పొడవు ఇత్తడి తీగ కట్టవలెను. ఇంతియే. పల్లెయందలి కమ్మరి కూడ దానిని చదివించుకొని చేయగలడు. దేవాలయములు, ఓడలు, మందుగుండు కొట్లు, పేదల యిండ్లు ఎన్ని యీ కడ్డీచే నిలిచెనో లెక్క లేదు. దీనికిని అతడు హక్కు కోరలేదు. 1753లోనే లండను రాయలు సొసైటీ అతనికి కాప్లీ పతక మొసగెను. దగ్గఱిచూపును దూరపుచూపును ఒకే చట్రమున నమర్చిన కంటియద్దములును, నీటితడి వ్రేళ్లతో వాయించు గాజు వాద్యమును అతని కల్పనలే. వానికిని పేటెంటులు లేవు.

ప్రజాసేవ

1736లో నిప్పంటిన యిండ్ల నార్పుటకై స్వచ్ఛంద దళమును స్థాపించెను. పిల్లల విద్యకై అతడు ప్రారంభించిన పాఠశాల పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముగా పెరిగెను. 1751లో డాక్టరు థామసు బాండునకు తోడై పేదల వైద్యశాలకు పూనుకొనినపుడు, ప్రజలు 2,000 పౌనులు చందా వేసినయెడల శాసనసభయు అంతే యీయవలెనని షరతు చేయించెను. ప్రతి దాతయు తన రూపాయి రెండగునని సంతసించి యిచ్చుటచే చందా త్వరలోనే నిండెను.

పూర్వపు పోస్టుమాస్టరు తానును పత్రిక నడపుచు, ఫ్రాంక్లిను పత్రికను తపాలావారు మోయరాదని కట్టడి చేసియుండెను. 1737లో ఆ యుద్యోగము ఫ్రాంక్లినునకు వచ్చెను. పగ తీర్చుకొను నవకాశ మున్నను, ఎదిరిపత్రిక కట్టి కష్టపెట్టుట నీచమని తలచి అతడు ఆ మార్గమును త్రొక్కలేదు.

దేశ స్వాతంత్ర్యము

1757 మొదలు ఫ్రాంక్లిను జీవితము రాజకీయములలో గడచెను. రాష్ట్రముల పక్షమున లండనునందు పెక్కేండ్లు వాదించెను. అమెరికనులపై విధించిన స్టాంపు పన్ను అన్యాయమని 1766లో పార్లమెంటు సభవారి ప్రశ్నలకు సమాధానములు చెప్పెను; ఆ పన్ను రద్దయ్యెను. 1774లో ప్రభుత్వము అతనిని అవమానించి తపాలా పదవినుండి తొలగించెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటన రచించు అయిదుగురి సంఘమున సభ్యుడయ్యెను. డెబ్బదియవ యేట సముద్రము దాటి ఫ్రాన్సునకు పోయి, 1778లో ఆ దేశముతో మైత్రిని కుదిర్చెను. 1783లో పారిసునందు ఇంగ్లండుతో సంధిపత్రముపై చేవ్రాలు చేసెను. 1787లో, ఎనుబదియొకటవ యేట, రాజ్యాంగ సభయందు కూర్చుండెను.

యుద్ధము జరుగుచున్న 1779లో అతడు చేసిన యొక పని అతని స్వభావమునకు అద్దము. ఆంగ్ల నావికుడు కెప్టెను కుక్కు పరిశోధన యాత్రనుండి తిరిగివచ్చుచున్నాడని తలచి, శత్రుదేశపు ఓడయైనను దానిని పట్టవలదనియు, ఆ నావికులకు సాయపడవలెననియు అమెరికా ఓడల నాయకులకు లేఖ వ్రాసెను. అప్పటికే కుక్కు మరణించినవార్త ఇంకను తెలియలేదు. భూగోళ జ్ఞానము ఏ రాజున కొక్కనికి చెందినది కాదు, మనుష్యజాతి సొత్తని అతని భావము.

లోపములు

మహనీయుల చరిత్రమున మచ్చలు దాచుట వారికి గౌరవము కాదు. దేశకార్యముపై 1764లో వెడలిన ఫ్రాంక్లిను భార్య బ్రతికియుండగా తిరిగి రాలేదు. ఆమె 1774 డిసెంబరులో భర్తను చూడకయే మరణించెను. కుమారుడు విలియము ఆంగ్ల పక్షము వహింపగా వారిరువురి నడుమ ప్రేమ తెగిపోయెను. మరల నిజముగా కలియలేదు. అన్నిటికన్న పెద్ద మచ్చ బానిసత్వము. అతని ఇంట నీగ్రో బానిస లుండిరి. అతని పత్రికయందు బానిసల విక్రయ ప్రకటనలు వెలువడెను.

1763లో నల్లజాతి పిల్లల బడి నొకదానిని చూచి, వారును తెల్లపిల్లలతో సమానముగ గ్రహించుట కన్నులార కని, అతడు తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. అయినను ఆ మార్పు ఆచరణలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో, మరణశయ్యకు చేరువయై, బానిసత్వమును మాన్పవలెనని కాంగ్రెసునకు మహజరు పంపెను. కాంగ్రెసు దానిని మన్నింపలేదు. కాని అతని తుది ప్రజాకార్యము అదియే.

గంటకు బదులు గ్రంథములు, మరణశాసనము

మసాచుసెట్సు రాష్ట్రమున ఒక క్రొత్త గ్రామమునకు అతని పేరు పెట్టి, చర్చి గోపురమునకు ఒక గంట కానుక కోరిరి. అతడు గంటకు బదులు పుస్తకములు పంపెను. మ్రోగు గంటకన్న బుద్ధిని మేల్కొలుపు పుస్తకము మేలని అతని యభిప్రాయము. 116 సంపుటములు వచ్చెను. వానిని ఎవరు చదువవలెనను తగవు గ్రామస్థులలో పుట్టగా, 1790లో గ్రామసభ కూడి, గ్రామవాసులందఱికిని రుసుము లేక ఎరువీయవలెనని తీర్మానించెను.

అతని మరణశాసనము లెక్క తెలిసినవారు పలుమాఱు చదువదగినది. బోస్టను, ఫిలడెల్ఫియా పట్టణములకు వెయ్యేసి పౌనులు వ్రాసెను. ఆ సొమ్మును వివాహితులైన యువ పనివారికి నూటికి అయిదు వంతున వడ్డీకి అప్పిచ్చి, పదియేండ్లలో పది వాయిదాలుగ రాబట్టి, మరల అప్పీయవలెను. నూఱేండ్లకు అది 1,31,000 పౌనులగును. అందు లక్ష ప్రజాకార్యములకు వెచ్చించి, మిగిలిన 31,000 మరల నూఱేండ్లు త్రిప్పిన 40,61,000 పౌనులగునని గణించెను. బడిలో గణితము తప్పిన బాలుని లెక్క ఇది. అప్పులు కొన్ని రాకపోవుటచేతను, కాలము మాఱుటచేతను ఆశించినంత పెరుగలేదు గాని, సొమ్ము నశింపలేదు. బోస్టనులో మొదటి నూఱేండ్ల భాగముతో పారిశ్రామిక విద్యాలయ మేర్పడెను. రెండువందల యేండ్లు నిండిన 1990లో అచటి నిధి సుమారు 50 లక్షల డాలర్లు.

1790 ఏప్రిలు 17వ తేదీన, ఎనుబదినాలుగవ యేట, ఫ్రాంక్లిను పరమపదించెను. అంత్యయాత్రకు సుమారు 20,000 మంది వచ్చిరి.

నేటి కాలమున అతని మార్గము

ఇతని మార్గము కంప్యూటరు యుగమున క్రొత్తరూపు దాల్చెను. కంప్యూటరు నడచుటకు వ్రాయబడు ఆదేశముల కూర్పును ప్రోగ్రామందురు. దాని మూలప్రతిని దాచి, నడచు రూపమును మాత్రమే అమ్ముట వర్తకుల పద్ధతియయ్యెను. 1983లో అమెరికాయందు రిచర్డు స్టాల్‌మను అను ప్రోగ్రాము రచయిత, మూలప్రతి అందఱికిని లభింపవలెననియు, చదువుటకును దిద్దుటకును పంచుటకును స్వేచ్ఛ యుండవలెననియు ఉద్యమము లేవదీసెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లైనక్సు ఈ స్వేచ్ఛతోనే వేలమంది చేతులలో పెరిగి, నేడు చేతి ఫోనులలో పెక్కింటికి ఆధారమైయున్నది. 1998నుండి ఇట్టి ప్రోగ్రాములకు ఓపెన్ సోర్సు అను పేరు వాడుకలోనికి వచ్చెను.

ఫ్రాంక్లిను కాలమున తీరని చిక్కును వీరు తీర్చిరి. లండను వర్తకుడు ఉచితముగా దొరికిన కుంపటిని కొంచెము మార్చి తనదిగ బంధింపగలిగెను గదా! 1989లో స్టాల్‌మను వెలువరించిన జీపీఎల్ అను అనుమతి పత్రము, మార్చి పంచువాడు ఆ మార్పులను కూడ అదే స్వేచ్ఛతో పంచవలెనని కట్టడి చేసెను. దానమునకు వేలి కట్టి పంటను కాపాడుటవంటి దిది.

విద్య పంచినకొలది తఱగనిదని ఈ దేశపు పెద్దలు అనాదిగా చెప్పుచున్నారు. రాత్రి తెచ్చిన పుస్తకమును తెల్లవాఱకమునుపే మరక లేక తిరిగి యిచ్చిన బాలుడు, పెద్దవాడై తనకు తెలిసినదంతయు లోకమునకు తెఱచి యుంచెను. గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొనిపోవు ప్రతి చందాదారుడును ఆ ధర్మమున భాగస్వామియే. పుస్తకమును గడువులోపల చెడకుండ చేర్చి, అందు గ్రహించినదానిని చదువురాని పొరుగువానికి చెప్పగలిగినచో, ఫ్రాంక్లినునకు అంతకు మించిన స్మారకచిహ్నము మఱి యుండబోదు.